ఇక్కడి ఫోన్ పద్ధతి అలవాటైంది, ఇంటికి ఫోన్ చేసే పద్ధతి చెడింది. మీరంతా ఎలా సర్దుకున్నారు?

తెనాలి_టు_స్టుట్‌గార్ట్ అడిగారు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి ప్లీజ్. నాది తెనాలి, ఉద్యోగం మీద స్టుట్‌గార్ట్ వచ్చి 8 నెలలయింది. చలి, తిండి, పని అన్నీ ఎలాగోలా పట్టుబడ్డాయి గానీ ఫోన్ దగ్గరే దెబ్బతింటున్నా. ఫోన్ చెయ్యడానికి కూడా ఇంత ఆలోచించాలని ఊళ్ళో ఉన్నప్పుడు ఎప్పుడూ అనుకోలేదు.

వచ్చిన మొదటి నెలలో ఒకరోజు సాయంత్రం ఆరుంబావుకి ఒక ఫైల్ దొరక్క టీమ్‌లో నా పక్క సీటు ఆయనకి ఫోన్ చేశా. మన దగ్గరైతే ఇది అసలు విషయమే కాదు కదా. ఆయన ఎత్తి తన ఇంటిపేరు ఒక్కటే చెప్పారు, నేనేమో అలవాటుగా "ఎలా ఉన్నారు, ఇంటికి చేరారా, భోజనం అయిందా" అని మొదలుపెట్టా. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత "ఏమైనా జరిగిందా? నువ్వు బానే ఉన్నావా?" అని కంగారుగా అడిగారు. ఆఫీసు మనిషి ఆ టైంలో చేశాడంటే ఏదో ప్రమాదమే అనుకున్నారంట. ఫైల్ ఎక్కడుందో చెప్పారు, మర్నాడు కాఫీ దగ్గర నెమ్మదిగా చెప్పారు, ముందు చాట్‌లో రెండు ముక్కలు రాయి, మాట్లాడాలంటే క్యాలెండర్‌లో టైం పెట్టు, ఆఫీసు అయ్యాక మాత్రం కొంపలంటుకుంటేనే చెయ్యి అని. ఆయన గొంతులో కోపం ఏం లేదు, నాకే తల కొట్టేసినట్టయింది.

ఇంకోసారి ఇక్కడి లోకల్ రైలు ఎస్-బాన్‌లో వెళ్తూ అమ్మమ్మతో వీడియో కాల్. ఆవిడకి సరిగ్గా వినపడదు, అందుకని స్పీకర్ పెట్టి గట్టిగా మాట్లాడుతున్నా, ఎదురు సీట్లో పెద్దావిడ పెదాల మీద వేలు పెట్టి చూపించింది, పక్కనున్న కుర్రాడు తన మొహం కెమెరాలో పడుతోందని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పెట్టేస్తా అమ్మమ్మా అని చెప్తే ఆవిడకి వినపడట్లేదు, అలాగే కట్ చెయ్యాల్సొచ్చింది. ఇంకా డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసి నా నెంబర్ చెప్పేటప్పుడు జర్మన్ అంకెలు తిరగేసి చెప్పా, వాళ్ళు 21ని ఒకటీ-ఇరవై అంటారు కదా, నా 21 కాస్తా 12 అయ్యి వాళ్ళు ఎవరికో ఫోన్ చేసుకున్నారు, నేను వారం రోజులు ఎదురుచూశా.

ఇవన్నీ పర్లేదు, నేర్చుకుంటా. అసలు బాధ ఇది. అమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం వార్చి, కూర దించి, చెయ్యి తుడుచుకుని ఫోన్ తీస్తుంది, అది సరిగ్గా పన్నెండున్నర, ఇక్కడ పొద్దున్న 9, మా టీమ్ మీటింగ్ మొదలయ్యే టైం. రోజూ కట్ చెయ్యడం, తర్వాత చేస్తా అనడం, మర్చిపోవడం. ఒకరోజు విసుగులో "అమ్మా, ఫోన్ చేసే ముందు ఒక మెసేజ్ పెట్టు, ఖాళీనో కాదో చూసి నేనే చేస్తా" అన్నా. సరే నాన్నా అంది. అంతే, ఆ రోజు నుంచి అమ్మ ఫోన్ రాలేదు. పొద్దున్నే పూల బొమ్మతో శుభోదయం వస్తుంది, నేను చెయ్యి జోడించిన బొమ్మ పెడతా, అదే మా మాట. 11 రోజులు అలాగే గడిచాయి, పని ఒత్తిడిలో నాకు హాయిగానే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

పన్నెండో రోజు చెల్లి ఫోటో పంపింది. అమ్మమ్మ బాత్రూమ్ దగ్గర జారి పడితే మణికట్టు దగ్గర ఎముక చిట్లింది, చేతికి కట్టు. పడి అప్పటికి నాలుగు రోజులంట. నాకెందుకు చెప్పలేదమ్మా అంటే "నువ్వు మీటింగ్‌లో ఉంటావేమోనని, మెసేజ్‌లో ఇలాంటిది ఏం రాస్తాం నాన్నా" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడి వాళ్ళతో ఇక్కడి లాగా, ఇంట్లో వాళ్ళతో ఇంట్లో లాగా ఉండటం మీకు ఎలా కుదిరింది? అమ్మతో మళ్ళీ మామూలుగా ఎలా అవ్వాలి? ఇక్కడ ఫోన్లో మాట్లాడే పద్ధతులు కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

మ్యూనిక్_అక్క:

తమ్ముడూ, ముందు అమ్మమ్మ గారికి త్వరగా తగ్గాలి. నేను ఇక్కడ 11 ఏళ్ళ నుంచి ఉంటున్నా, నువ్వు రాసిన ప్రతిదీ నాకూ జరిగింది, ఆ అంకెల గోల అయితే మూడేళ్ళు పట్టింది. ఇక్కడి సంగతి నేను చెప్తా, అమ్మ సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఉంటారు.

ఫోన్ ఎత్తగానే ఇంటిపేరు చెప్పడం పొగరు కాదు, నువ్వు సరైన మనిషికే చేశావో లేదో ముందే తెలియాలని. నువ్వు చేసినప్పుడు కూడా ముందు నీ పేరు, తర్వాత ఎందుకు చేశావో, ఆ తర్వాతే మిగతావి. "ఇప్పుడు రెండు నిమిషాలు కుదురుతుందా" అని ఒక్క ముక్క అడిగితే అవతలి వాళ్ళు సగం కరిగిపోతారు, నేను చాలాసార్లు చూశా. పెట్టేసేటప్పుడు అపరిచితులతో అయితే ఔఫ్ వీడర్‌హోరెన్ అంటారు, మళ్ళీ వినుకుందాం అని అర్థం, ఎదురుగా ఉంటే అనేది మళ్ళీ చూసుకుందాం, ఫోన్లో మాత్రం వినుకుందాం. నాకు భలే నచ్చే మాట ఇది. అది అన్నాక ఇంకేం మాట్లాడరు, మన లాగా "ఉంటాను మరి, సరే ఉంటా, ఆ అన్నట్టు ఇంకోటి" అని మళ్ళీ మొదలవ్వదు.

పేరు స్పెల్లింగ్ చెప్పడం పెద్ద తలనొప్పి. ఇక్కడ A అక్షరాన్ని "ఆ" అంటారు, E అక్షరాన్ని "ఏ" అంటారు, I అక్షరాన్ని "ఈ" అంటారు. నువ్వు E ని ఇంగ్లీష్ లాగా "ఈ" అంటే వాళ్ళు I రాసుకుంటారు, నా రెసిడెన్స్ కాగితం మీద మొదట పడింది అలాంటి పేరే, దాన్ని సరిచేయించుకోవడానికి రెండుసార్లు ఆఫీసుకి తిరిగా. V అక్షరాన్ని "ఫౌ" అంటారు. అందుకే ఒక్కో అక్షరానికి ఒక్కో పేరు చెప్పడం నేర్చుకో, ఆ వీ ఆంటోన్ (ఆంటోన్‌లో ఉన్న A అని), బే వీ బెర్టా, ఎన్ వీ నోర్డ్‌పోల్, ఫౌ వీ విక్టర్. 2022లో ఊళ్ళ పేర్లతో కొత్త జాబితా వచ్చింది, ఆఖెన్, బెర్లిన్ అలా, కానీ ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఇంకా పాత పేర్లే ఎక్కువ వినపడతాయి. నీ ఇంటిపేరుకి ఒక చీటీ రాసి ఫోన్ కవర్ వెనక పెట్టుకో, నేను అలాగే చేశా. నెంబర్ అయితే ఒక్కో అంకె విడివిడిగా చెప్పు, జంటలు వద్దు. రెండుకి త్స్వై బదులు త్స్వో అంటారు ఫోన్లో, త్స్వైకీ ద్రైకీ (మూడుకి) తేడా సరిగ్గా వినపడదని. ఇంకోటి, హాల్ప్ ద్రై అంటే మూడున్నర కాదు, రెండున్నర. దీనివల్ల ఒక అపాయింట్‌మెంట్‌కి గంట ఆలస్యంగా వెళ్ళా.

ఇది మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకో. మన ఫోన్లలో చాలామంది కాల్ ఆటో రికార్డింగ్ ఆన్ చేసి ఉంచుకుంటారు, నీది ఉంటే ఇప్పుడే తీసెయ్. ఇక్కడ అవతలి మనిషికి చెప్పకుండా మాట రికార్డు చెయ్యడం నేరం, క్రిమినల్ కోడ్ 201వ సెక్షన్, 3 ఏళ్ళ వరకూ జైలు లేదా జరిమానా. ట్రైన్‌లో ఆ కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నది కూడా ఆ భయంతోనే, తన మొహం తన సొంతం అని ఇక్కడ బాగా పట్టించుకుంటారు. దూరం వెళ్ళే ఐసీఈ రైళ్ళలో సీటు బుక్ చేసేటప్పుడే ఫోన్ మాట్లాడుకునే బోగీ వేరు, నిశ్శబ్దం బోగీ వేరు అని ఉంటుంది, చూసుకుని తీసుకో. ఇంట్లో అయితే రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా, ఆదివారం రోజంతా బాల్కనీలో స్పీకర్ పెట్టి మాట్లాడొద్దు. రాత్రిపూట ఒంట్లో బాలేదు కానీ ప్రాణం మీదికి రాలేదు అంటే 116117కి చెయ్యి, ప్రాణం మీదికొస్తే 112.

వీళ్ళకి మనసు లేదని మాత్రం అనుకోకు. మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది, నాకు మొదటి కాన్పు అయ్యాక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేస్తా కుదురుతుందా అని గురువారం నాడే చీటీ రాసి తలుపుకి అంటించింది. నవ్వొచ్చింది అప్పుడు. సరిగ్గా మూడింటికి చేసింది, గంటంపావు మాట్లాడింది, ఒక్కసారి కూడా పని ఉంది అనలేదు, ఆ గంటంపావు మొత్తం నాకే ఇచ్చింది. నాతో అంతసేపు అంత శ్రద్ధగా మాట్లాడినవాళ్ళు ఆ నెలలో ఇంకెవరూ లేరు.

జగిత్యాల_దుబాయ్:

తమ్మీ, నాది జగిత్యాల దిక్కు పల్లె, 2004ల దుబాయ్ వచ్చిన, ఏసీ మెకానిక్ పని. నీ పోస్టు రెండు సార్లు చదివిన, మా అమ్మ యాదికొచ్చింది.

మేం వచ్చినప్పుడు ఫోన్ అంటే కార్డు. డ్యూటీ దిగినంక కార్డు గీకి, ఆ నెంబరంత కొట్టి, మల్ల ఇంటి నెంబర్ కొట్టాలె. మా ఇంట్ల ఫోన్ లేకుండె, పక్కింటోల్లకు జేసి, పిలువుండ్రి అని చెప్పి, పది నిమిషాలాగి మల్ల జేసేది, అప్పటికి మా అమ్మ ఉరికొచ్చి కూసునేది, ఆమె రొప్పుడు నాకు ఇనవడేది. ఏం మాట్లాడేది గాదు, తిన్నవా బిడ్డా, మంచిగున్నవా, ఇంక పెట్టెయ్ పైసలయితయి. గంతే. తర్వాత ఇంటికి సెల్లు కొన్నంక రూముకు రాంగనే ఒక మిస్డ్ కాల్ ఇచ్చేటోన్ని, అంటె మంచిగ ముట్టిన అని. వరుసగ రెండు ఇస్తె పైసలు పంపిన అని. నేను మిస్డ్ కాల్ ఇయ్యందాక అమ్మ పండుకునేది గాదంట, ఆమె పొయ్యినంక నా ఇంటామె చెప్పింది నాకు.

ఇప్పుడు ఇక్కడ వాట్సాప్‌ల మెసేజ్ పోతది, వాయిస్ పోతది, కాల్ జేస్తె మాత్రం కలవది, గిది ఇక్కడి రూలు. బోటిమ్ అసొంటి పర్మిషనున్న యాప్‌లనే మాట్లాడుకోవాలె. కొత్తగ వచ్చిన పిల్లలు ఎయిర్‌పోర్ట్‌ల దిగి వాట్సాప్ కాల్ జేసి కలుస్తలేదని బుగులు పడుతరు, ఇంటికాడోల్లు గూడ బుగులు పడుతరు, అందుకే విమానం ఎక్కకముందే ఇంటోల్ల ఫోన్ల గా యాప్ ఎక్కిచ్చి రావాలె, ఎవరన్న ఇటు వచ్చేటోల్లుంటె గిది గుర్తు వెట్టుకోండ్రి.

నా ఇంటామెకు రాయరాదు. వాయిస్ పెడ్తది. పొలం కాడ నడుసుకుంట పెడ్తది, గాలి సప్పుడు, బర్రె అరుపు, ఎవరో పిలిస్తె ఆమె ఆ వస్తున్న అనుడు, అన్ని ఇనవడ్తయి. మధ్యాహ్నం డాబా మీద పని ఆపి నీడకు కూసున్నప్పుడు అవి ఇంట, ఒక్కటి గూడ డిలీట్ జెయ్యలే. 2022 జనవరిల ఇక్కడ వారం సెలవు మారినంక మా కంపెనీల శుక్రవారం పొయ్యి ఆదివారం అయింది, పిల్లల బడికి గూడ ఆదివారమే సెలవు, గప్పటి సంది పిల్లలతోని తీరుబడిగ మాట్లాడుడు అయితుంది. మీ అమ్మను మెసేజ్ రాయుమనకు తమ్మీ, ఆమెకు రాసుడు అంటె దరఖాస్తు పెట్టుకున్నట్టు ఉంటది. వాయిస్ పెట్టుమను. నువ్వు గూడ వాయిస్ పెట్టు, ఆ చేతులు జోడిచ్చిన బొమ్మలు బంద్ జెయ్.

ఫ్రిస్కో_వాసి:

నేను డాలస్ దగ్గర 14 ఏళ్ళుగా ఉంటున్నా. ఇక్కడ కూడా ఫోన్ చేసే ముందు టెక్స్ట్ పెట్టడమే, ముక్కూమొహం తెలియని నెంబర్ ఎవరూ ఎత్తరు, అంత మోసం కాల్స్ వస్తాయి. అందుకే అందరూ వాయిస్ మెయిల్ మీద ఆధారపడతారు, మనకేమో ఇండియాలో ఆ అలవాటే లేదు. నేను వచ్చిన కొత్తలో ఒక కంపెనీ వాళ్ళు రెండో ఇంటర్వ్యూ కోసం ఫోన్ చేసి వాయిస్ మెయిల్ వదిలారు, శుక్రవారం లోపు చెప్పండి అని. నాకు ఆ గుర్తు ఏంటో తెలియదు, స్క్రీన్ మీద చిన్న ఎర్ర చుక్క కనిపిస్తోంది, యాడ్ అనుకుని వదిలేశా. 9 రోజుల తర్వాత మా ఆయన చూసి వినిపించారు. ఆ ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన ఏ పిల్లలకైనా ముందు నేను చేయించేది వాయిస్ మెయిల్ సెటప్, మీ పేరు మీ గొంతుతో రికార్డు చేసి పెట్టుకోండి, రోజుకోసారి వినండి.

అమ్మ విషయంలో మాత్రం నేను కొంచెం వేరుగా చెప్తా, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మాకు డాలస్‌కి ఇండియాకి వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. అమ్మ పొద్దున్న తన పనులయ్యాక చేస్తే మాకు అర్ధరాత్రి. నేను మొదటి ఏడు ఏళ్ళు ఎప్పుడు చేసినా ఎత్తా, నిద్ర పాడయ్యి, పిల్లల మీద అరిచి, చివరికి అమ్మ మీదే విసుక్కున్నా. టైం పెట్టుకోవడం తప్పు కాదు, అమ్మలు కూడా నేర్చుకోగలరు, మనం వాళ్ళకి చేతకాదు అనుకోవడమే తప్పు. మా అమ్మ ఇప్పుడు నాకు పొద్దున్న ఏడు, తనకి సాయంత్రం అని లెక్క వేసి పెట్టుకుంటుంది, నవంబర్లో గడియారం మారితే నాకంటే ముందు తనే గుర్తు చేస్తుంది.

అర్జెంట్ సంగతికి ఒక సెట్టింగ్ ఉంది. ఫోన్ డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టినా అదే నెంబర్ నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే మోగేలా పెట్టుకోవచ్చు, ఐఫోన్‌లో 3 నిమిషాల లోపు, ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల లోపు. అమ్మకి చెప్పు, ఊరికే అయితే ఒకసారి చెయ్యి, నేను తర్వాత చేస్తా, నిజంగా అవసరం అయితే ఆగకుండా రెండుసార్లు చెయ్యి అని. జగిత్యాల అన్న గారి రెండు మిస్డ్ కాల్స్ చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

యొకొహామా_సిరి:

నాది వైజాగ్, జపాన్‌లో ఆరో ఏడు. ఇక్కడ రైల్లో అసలు ఫోన్ మాట్లాడరు, మ్యానర్ మోడ్, అంటే సైలెంట్ మోడ్‌లో పెట్టండి, మాట్లాడకండి అని బోగీలో చెప్తూనే ఉంటారు, నా బిడ్డకి జ్వరం అని క్రెష్ నుంచి ఫోన్ వస్తే తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫామ్ మీద నిలబడి మాట్లాడి మళ్ళీ ఇంకో రైలెక్కా, అందరూ అంతే చేస్తారు. ఆఫీసులో మూడు రింగుల లోపు ఎత్తాలి, దాటితే ముందు మిమ్మల్ని ఆగేలా చేశాం అని చెప్పుకుని అప్పుడు మాట మొదలెట్టాలి. మొదటి ఏడాది డెస్క్ మీద ఫోన్ మోగితే నా చేతులు చల్లబడిపోయేవి.

కానీ ఒక్క విషయంలో మాత్రం మన అలవాటే నన్ను గట్టెక్కించింది, అదే ఊఁ కొట్టడం. జపాన్‌లో అవతలి వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ హాయ్, హాయ్, ఏఏ (వాళ్ళ భాషలో అవును, అవును) అని మధ్యమధ్యలో అంటూనే ఉండాలి, ఆగితే వినట్లేదేమో అనుకుని మాట ఆపేస్తారు. మా టీమ్‌లో యూరప్ వాళ్ళకి ఇది రాదు, మాట అడ్డం వస్తున్నట్టు ఉంటుందంట. నాకేమో చిన్నప్పుడు తాతయ్య కథ చెప్తూ ఊఁ కొట్టకపోతే ఆపేసేవారు కదా, ఆ ఊఁ బదులు హాయ్ పెట్టా, అంతే. మా మేనేజర్ నా ఫోన్ మాట బాగుంటుంది అన్నారు ఒకసారి, ఇంటికెళ్ళి అమ్మకి చెప్పి ఏడ్చా. పెట్టేసేటప్పుడు కూడా ఇక్కడ టక్కున పెట్టరు, షిత్సురేయ్ షిమాస్ (సెలవు తీసుకుంటా అన్నట్టు) అని ఇద్దరూ చెప్పుకుని, చేసినవాళ్ళు ముందు నెమ్మదిగా పెట్టేదాకా అవతలివాళ్ళు ఆగుతారు, మన "ఉంటాను మరి" లాగే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, తమ్ముడు గారూ, మీ అమ్మ గారు మాట్లాడేటప్పుడు మీరు ఊఁ కొడుతున్నారా? నేను రెండేళ్ళ కిందట ఇంటికి ఫోన్ చేసి మ్యూట్‌లో పెట్టి వంట చేసుకుంటూ వినేదాన్ని. అమ్మ మధ్యలో హలో, హలో, ఉన్నావా అనేది. ఆఫీసులో ఎవరికో రోజుకి వందసార్లు హాయ్ అంటున్నా, అమ్మ మాటకి ఊఁ అనట్లేదు అని ఒకరోజు స్టవ్ దగ్గర నిలబడి ఉండగా తట్టింది. అప్పటి నుంచి మ్యూట్ పెట్టను, గిన్నెల చప్పుడు వినపడితే వినపడనీ.

రాజమండ్రి_అమ్మ:

బాబూ, నేను రిటైరైన టీచర్ని, మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు, ఈ తెలుగు టైపింగ్ కూడా వాడు నేర్పిందే. అమ్మ వైపు నుంచి ఒక మాట రాయాలనిపించింది.

నువ్వు మెసేజ్ పెట్టి చెయ్యమన్నావు కదా, మా వాడూ అదే అన్నాడు. మొదటిసారి "ఫోన్ చెయ్యవచ్చా" అని రాసి పంపి, ఆ టిక్కులు నీలం అవుతాయా లేదా అని ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. మా ఆయన, ఏమిటి విషయం అన్నారు. ఏముంది, ఏమీ లేదు. కూర దించాను, వాడికి ఇష్టమైన వంకాయ, ఆ మాట చెబుదామని. నలభై నిమిషాల తర్వాత "ఏంటమ్మా, చెప్పు, అర్జెంటా" అని వచ్చింది. వంకాయ కూర అర్జెంటు ఎలా అవుతుంది నాయనా. ఏం లేదులే అని రాశా. మీ అమ్మ గారు అలిగి మానేయలేదు, చెప్పడానికి పెద్ద విషయం ఉంటేనే చెయ్యాలని అర్థం చేసుకుంది, పెద్ద విషయం వచ్చేసరికి నీ పని పాడవుతుందని ఆగింది.

ఫ్రిస్కో అమ్మాయి చెప్పినది కాదనను, మేమూ నేర్చుకోవాలి. నా తప్పు కూడా ఉంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా వాడు చెప్పాడు, "అమ్మా, నువ్వు ఎప్పుడూ చేసే టైంలో కాకుండా వేరే టైంలో నీ పేరు ఫోన్ మీద కనపడితే నాన్నకి ఏదో అయిందని గుండె జారిపోతుంది, మీటింగ్‌లో చేతులు వణుకుతాయి" అని. వాళ్ళ నాన్నకి స్టెంట్ వేశారు రెండేళ్ళ కిందట. నాకు ఆ సంగతి తట్టనే లేదు, నేను వంకాయ కూర గురించి చేస్తుంటే అక్కడ బిడ్డ అంత భయపడుతున్నాడని. ఇప్పుడు ఏ టైంలో చేసినా వాడు ఎత్తగానే నేను అనే మొదటి మాట "అంతా బాగున్నాం" అని. ఆ తర్వాతే ఏదైనా. వాడేమో మధ్యాహ్నం తన కంచం ఫోటో ఒకటి పెడతాడు, మాటేం ఉండదు, కంచం ఒక్కటే. పప్పు పల్చగా ఉందని నేను తిడతా. మెసేజ్ పెట్టి చెయ్యి అనే మాట మాత్రం వాడు వెనక్కి తీసుకున్నాడు, నోటితో తీసుకున్నాడు, అది నాకు కావలసివచ్చింది. నువ్వు కూడా మీ అమ్మకి ఆ మాట నోటితో చెప్పు బాబూ, ఊరికే ఫోన్లు చేసి కప్పెయ్యకు.

తెనాలి_టు_స్టుట్‌గార్ట్ (అప్‌డేట్):

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. రాజమండ్రి అమ్మ గారూ, మీది చదివి అదే రోజు సాయంత్రం చేశా. ఇక్కడ ఆరు, అక్కడ తొమ్మిదిన్నర. "అమ్మా, మెసేజ్ పెట్టి చెయ్యమన్నా చూడు, ఆ మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నా" అన్నా. కాసేపు ఏం అనలేదు. తర్వాత "నువ్వు తిన్నావా" అంది. నాకు గొంతు పట్టేసింది.

మా మీటింగ్ తొమ్మిది నుంచి తొమ్మిదింబావు దాకా. టైం చెప్పా అమ్మకి, వచ్చే ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి పోతాయి, అప్పుడు కూర దించేసరికి నాకు ఎనిమిదే అవుతుంది, చలికాలం అంతా మనకి గంట కలిసొస్తుంది అంటే భలే సంబరపడింది. రెండుసార్లు చేస్తే మోగే సెట్టింగ్ పెట్టా, చెల్లి చేత ట్రై చేయించా, పనిచేస్తోంది. కాల్ రికార్డింగ్ నిజంగానే ఆన్‌లో ఉంది అక్కా, తీసేశా, పేరు చీటీ కూడా రాసుకున్నా. జగిత్యాల అన్నా, అమ్మ నిన్న మొదటి వాయిస్ పంపింది, 40 సెకన్లు, ముందు కుక్కర్ విజిల్, తర్వాత పాలవాడితో లెక్క, చివర్లో "ఆ, నాన్నా, ఏం లేదు" అని. రైల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నా.

వచ్చే గురువారం అమ్మమ్మకి కట్టు విప్పుతారు, అక్కడి నుంచే వీడియో చేస్తామన్నారు. ఆ గంట క్యాలెండర్‌లో బ్లాక్ చేసి ఓమా అని రాసి పెట్టా, జర్మన్‌లో అమ్మమ్మ అని. పక్క సీటు ఆయన అది చూసి, అదే టైంలో ఉన్న మీటింగ్‌ని ఏం అడక్కుండానే మధ్యాహ్నానికి జరిపారు.